కొదమ వయసు

మైలాపూరు, చెన్నై

చిరంజీవి అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. అరవయ్యేళ్ల మేస్త్రీ ఇంటి యజమానితో తగువుకు దిగే ఘట్టం చక్కగా కుదిరింది, ఒక్క మాట తప్ప. అతను ‘కొదమసింహంలా గర్జించాడు’ అని రాశావు. మోకాళ్ల నొప్పితో మెట్లెక్కలేడని అంతకుముందు పేజీలో నువ్వే చెప్పావు కదమ్మా!

కొదమ అంటే పిల్ల. ఆ మాటలో ఉన్నది గర్జన కాదు, వయసు. సింహానికీ పులికీ తగిలించి తగిలించి మన పత్రికలవాళ్లు దానికి మీసాలు మొలిపించారు గానీ, పాత కావ్యాలలో కొదమ తుమ్మెదలు కూడా ఉన్నాయి. తుమ్మెద ఏమి గర్జిస్తుంది?

బ్రౌను నిఘంటువు 1852లో, శబ్దరత్నాకరం 1885లో ఈ ఊళ్లోనే అచ్చయ్యాయి. రెండూ దగ్గర పెట్టుకో. అయితే అర్థం దొరికినంత మాత్రాన మాట చేతికి వచ్చినట్టు కాదు. కొదమ ముందు నిలబడుతుంది, కూన వెనక చేరుతుంది: కొదమపులి, పులికూన. జంతువు ఒకటే. కూన అన్నప్పుడు ఒళ్లోకి తీసుకోవాలనిపిస్తుంది, కొదమ అన్నప్పుడు ఒక అడుగు వెనక్కి వేస్తాం. కూన ఆకాశానికీ ఎక్కింది, నెలవంకను నెలకూన అన్నారు.

గున్న సంగతి ఇంకా బాగుంటుంది. మా వీధి చివర మొక్కలమ్మే ఆయన మామిడి మొక్కను ‘మాంగన్ను’ అంటాడు. కొత్తలో మామిడికి కన్నేమిటా అనుకున్నాను. తీరా చూస్తే అది తమిళుల ‘కన్ఱు’. ఆవుదూడకూ ఏనుగు పిల్లకూ మొక్కకూ వాళ్లకు అదే మాట. మనకూ అంతే కదా, ఏనుగు పిల్ల గున్న, పొట్టిగా గుబురుగా ఉన్న చెట్టు గున్నమామిడి. వాళ్ల పాత వ్యాకరణం తొల్కాప్పియం ఇలాంటి పిల్లల పేర్లు తొమ్మిది చెప్పి, ఏది ఏ జంతువుకు చెల్లుతుందో కూడా విడమరిచింది.

పశువుల పాకలో మాత్రం కొదమ వినిపించదు. పాలు తాగేది లేగ, ఆడదైతే పెయ్య, మగదైతే కోడె, ఈడుకొచ్చిన గేదె పడ్డ. ఆ కోడె పాక దాటి కోడెకాడు, కోడెత్రాచు అయింది. మీ అమ్మమ్మగారికి ఫోను చెయ్యి, నాకు తెలియనివి ఇంకో నాలుగు చెబుతారు.

ఇక నీ కథలో మేస్త్రీ కొడుకు, ఇరవయ్యేళ్లవాడు, తలుపు పక్కన పిడికిలి బిగించి నిలబడ్డాడు. ఒక్క మాటా మాట్లాడలేదు. కొదమ వాడికి ఇవ్వు. పెద్దాయనను ఊరికే దగ్గనివ్వు.

ఇట్లు,
బాబాయి