సమ్మతి పత్రం మీద ఏ మాట ఉండాలి?

సందేహం: బెంగళూరులో నర్సింగ్ పరిశోధన చేస్తున్నాను. మా ఆసుపత్రికి మదనపల్లె, హిందూపురం, అనంతపురం వైపు నుంచి తెలుగువాళ్లు చాలామంది వస్తారు. వాళ్ల కోసం తయారుచేసిన ఫారం పైన, ఇంగ్లీషులో "ఇన్‌ఫార్మ్‌డ్ కన్సెంట్" అనే దానికి తెలుగుగా, "సమాచార సమ్మతి పత్రం" అని ఉంది. మా గైడ్ గారు ఆ మాట సరైనదే అంటున్నారు. చదివి వినిపిస్తే మాత్రం రోగులు అయోమయంగా చూస్తున్నారు. జర్నల్‌కు పంపే వ్యాసంతో పాటు ఈ ఫారం కూడా ఇవ్వాలి. ఆ పేరు ఉంచవచ్చా? తెలుగు సారాంశంలో "రోగులకు వివరించి, ఒప్పించి, సంతకాలు తీసుకున్నాం" అని రాశాను. అందులో తప్పేమైనా ఉందా?

సమాధానం: అమ్మా, మీరు రెండు ప్రశ్నలు వేశారు కానీ రెండిటికీ మూలం ఒకటే. ఆ కాగితంలో తెలుసుకున్నది ఎవరు, ఒప్పుకున్నది ఎవరు అన్నది మాటలోనే కనిపించాలి. మీ ఫారం పేరులో అది కనిపించడం లేదు. మీ వాక్యంలో తారుమారైంది.

ముందు పేరు సంగతి. "సమాచార హక్కు" అన్న మాట 2005 నాటి చట్టం వచ్చాక అందరి నోళ్లలో నానింది. సమాచారం పొందే హక్కు అని అర్థం. అదే అచ్చులో "సమాచార సమ్మతి" అంటే వినేవాడికి ఏం తోస్తుంది? సమాచారం ఇవ్వడానికి సమ్మతి అని, లేదంటే నా వివరాలు ఎవరికో చెప్పడానికి సమ్మతి అని. విషయం పూర్తిగా తెలుసుకున్నాక ఇచ్చిన సమ్మతి అన్న అర్థం ఆ సమాసాన్ని ఎలా విడదీసినా రాదు. అంటే ఈ మాట కష్టమైనదే కాదు, తప్పుదోవ పట్టించేది కూడా.

ఈ మాటను ఒకప్పుడు నేనూ ఒప్పుకున్నాను. మా ఊళ్లో ఒక ఆసుపత్రిలో, పరిశోధనలు నీతిగా జరుగుతున్నాయా అని చూసే ఎథిక్స్ కమిటీలో కొన్నాళ్లు సామాన్య సభ్యుడిగా ఉన్నాను. వైద్యరంగానికి చెందని మామూలు మనిషి ఒకరు కమిటీలో ఉండాలన్నది ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నియమం. ఒకరోజు ఓపీ బయట బెంచీ మీద పుంగనూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడకు ఈ ఫారమే చదివి వినిపిస్తున్నారు. చేతిలో టోకెన్ చీటీ నలిపేస్తూ వింటోంది. "సమాచార సమ్మతి" అనగానే "మా కొడుక్కు కబురు చేస్తారా నాయినా? వద్దు, వాడు బెదురుకుంటాడు" అంది. మన పల్లెల్లో సమాచారం అంటే కబురే కదా. ఆమె అడిగిన దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. అప్పటికే వేలికి సిరా అంటించేశారు. ఆ ఫారం ఆమోదించినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ రోజు నుంచి ఈ మాట ఎక్కడ కనిపించినా నాకు ఆ సిరా అంటిన వేలే గుర్తొస్తుంది.

ఇలాంటి ఫారాలు పరీక్షల్లో ఎలా నెగ్గుతాయో మీకు తెలిసే ఉంటుంది. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి ఒకరు, తెలుగు నుంచి మళ్లీ ఇంగ్లీషులోకి మరొకరు అనువదిస్తారు. రెండు ఇంగ్లీషు ప్రతులూ సరిపోలితే సర్టిఫికెట్ వస్తుంది. కానీ మాటకు మాట పెట్టి చేసిన అనువాదమే తిరుగు ప్రయాణంలో చక్కగా సరిపోలుతుంది. "సమాచార సమ్మతి"ని వెనక్కు తిప్పితే "ఇన్‌ఫార్మ్‌డ్ కన్సెంట్" అన్న అసలు మాట వెంటనే దొరుకుతుంది. పల్లె మనిషికి అర్థమయ్యేలా విడమరిచి రాసిన వాక్యమేమో కాస్త వేరుగా తిరిగొస్తుంది, దానికి కొర్రీ పడుతుంది. ఆ పరీక్షలో నెగ్గినంత మాత్రాన రోగికి అర్థమైందని అనుకోవద్దు.

మరి ఏ మాట వాడాలి? "తెలిసి ఇచ్చిన సమ్మతి" అని కొందరు రాస్తారు. చాలా నయం. కానీ ఇక్కడ ఒక చిక్కుంది. తెలియడం అన్న క్రియ "నాకు" అని షష్ఠిని కోరుతుంది, నాకు తెలిసింది అంటాం. "నాకు తెలిసి" అన్నామంటే జనవ్యవహారంలో నాకు తెలిసినంతవరకు అని అర్థం. "నాకు తెలిసి ఒప్పుకుంటున్నాను" అంటే ఒప్పుకోలు సగమై నిలుస్తుంది. పైగా "తెలిసి చేశాడు" అన్నప్పుడు తప్పు చేసిన వాసన కూడా ఉంటుంది.

అందుకే నా ఓటు "తెలుసుకుని"కి. ఇందులో "కొను" ఉంది, పని తనకోసం తాను చేసుకున్నాడని చెబుతుంది. వండుకోవడం, దిద్దుకోవడం, తెలుసుకోవడం, ఒప్పుకోవడం, అన్నిటిలోనూ అదే. ఇక "తెలుసుకుని" క్త్వార్థకం, అంటే ఒక పని చేశాక మరో పని చేశాడని చెప్పే రూపం. బాలవ్యాకరణం ఆ చివరి ఇకారాన్ని ఇత్తు అంటుంది. క్త్వార్థకానికీ తరవాతి క్రియకూ మామూలుగా కర్త ఒకరే. అన్నం తిని వెళ్లాడు అంటే తిన్నదీ వెళ్లిందీ ఒక్కరే. "వాన కురిసి చెరువు నిండింది" లాంటివి ఉన్నాయి, కాదనను. అక్కడ ఒకటి కారణం, మరొకటి ఫలితం. మనుషులు చేసే పనుల్లో మాత్రం ఈ నియమం గట్టిగానే నిలుస్తుంది. "తెలుసుకుని ఒప్పుకున్నాను" అన్నప్పుడు తెలుసుకున్నదీ ఒప్పుకున్నదీ నేనే. పరిశోధన నీతి కోరేదీ అదే. మనుషుల మీద ప్రయోగాలకు హద్దులు పెట్టిన 1947 నాటి న్యూరెంబర్గ్ నియమావళి మొదటి సూత్రమే స్వచ్ఛంద సమ్మతి గురించి. దాన్ని వివరిస్తూ మనిషికి విషయం తెలియాలి, బోధపడాలి అని కూడా చెప్పింది. వైద్య పరిశోధన నీతి మీద ప్రపంచ వైద్య సంఘం 1964లో చేసిన హెల్సింకి ప్రకటనకు తరవాత వచ్చిన సవరణల్లోనూ, అర్థమైందని నిర్ధారించుకున్నాకే సమ్మతి అడగాలన్న షరతు ఉంది.

ఇప్పుడు మీ వాక్యం చూడండి: "వివరించి, ఒప్పించి, సంతకాలు తీసుకున్నాం." అన్ని క్రియలకూ కర్త మీరే! రోగి ఏమీ చేయలేదు. పైగా ఒప్పించడం ప్రేరణార్థకం. వద్దు అంటున్నవాణ్ణి బతిమాలి, బుజ్జగించి, దబాయించి అవుననిపించడం కూడా ఒప్పించడమే. పెళ్లికి ఒప్పించారు, అమ్మకానికి ఒప్పించారు అంటాం. మీరు అలా చేయలేదని నాకు నమ్మకమే. కానీ మీ వాక్యం మాత్రం చేశారనే చెబుతోంది. "మేం వివరించాం. వాళ్లు తెలుసుకుని ఒప్పుకున్నారు. ఒప్పుకున్నవారి సంతకం లేదా వేలిముద్ర తీసుకున్నాం" అని రాయండి. మూడు వాక్యాలైనా ఫరవాలేదు. "మౌనం అర్ధాంగీకారం" అన్న సామెత ఈ పనిలో చెల్లదు. తల ఊపకుండా కూర్చున్న మనిషిని ఒప్పుకున్నవారి లెక్కలో కలపకండి.

మీ ఊళ్లో కన్నడం ఫారాల మీద "ఒప్పిగె పత్ర" అని, చెన్నైలో తమిళంలో "ఒప్పుదల్" అని చూసే ఉంటారు. మన "ఒప్పు" ధాతువే. "ఒప్పుదల పత్రం" అంటే మన రోగులకూ పరాయిగా ఉండదు. "సమ్మతి" పెట్టినా తప్పేం లేదు, అది పాత మాటే, అందరికీ తెలిసిందే.

మీ సారాంశంలో "120 మంది రోగులపై పరిశోధన" అన్న మాట కూడా ఉంటుందనుకుంటాను, చాలామంది అలాగే రాస్తారు. ఐసీఎంఆర్ మార్గదర్శకాల పేర్లు వరసగా చూడండి. 2000లో పరిశోధన మనుషుల "మీద" జరిగేది, ఆ మనుషులు సబ్జెక్టులు, అంటే ప్రయోగానికి లోనయ్యేవాళ్లు. 2006లో వాళ్లు పాల్గొనేవారయ్యారు, "మీద" అలాగే ఉండిపోయింది. 2017లో ఆ "మీద" కూడా పోయింది, మనుషులు పాల్గొనే పరిశోధన అని మార్చారు. హెల్సింకి ప్రకటన కూడా 2024 సవరణలో సబ్జెక్టు అన్న మాటను తీసేసింది. తెలుగులో ఇది ఒక్క విభక్తి మార్పే. "120 మంది రోగులు పాల్గొన్నారు" అనండి.

మీరు అడగలేదు గానీ ఒకటి చెప్పాలి. గాయాల ఫోటోలు ప్రచురిస్తుంటే దానికి విడిగా ఒప్పుదల కావాలి. వైద్యపత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం నియమాల ప్రకారం కళ్ల మీద నల్లపట్టీ వేస్తే చాలదు, మనిషిని గుర్తుపట్టే వీలుంటే అచ్చుకు వెళ్లే వ్యాసాన్ని ఆ మనిషికి చూపించాలి. ఇక్కడ "పత్రికలో ప్రచురణ" అని రాస్తే రోగి "పేపర్లో పడుతుందా?" అని కంగారుపడతాడు. ఇంటర్నెట్ సంగతి అసలు తట్టదు. కాబట్టి ఇలా రాయండి: "డాక్టర్లు చదివే పుస్తకంలో, ఇంటర్నెట్‌లో మీ ఫోటో వేస్తాం. పేరు వేయం. అయినా మిమ్మల్ని ఎరిగినవాళ్లు గుర్తుపట్టవచ్చు. వద్దంటే వేయం."

ఇక ఫారం పైన "తెలుసుకుని ఇచ్చే ఒప్పుదల" అని పెట్టండి. కింద సంతకం దగ్గర ఈ వాక్యాలు చాలు: "ఇందులో ఉన్నది నాకు చదివి వినిపించారు. అడగాలనుకున్నవి అడిగాను, జవాబులు చెప్పారు. అంతా తెలుసుకుని, నా ఇష్టంతోనే ఒప్పుకుంటున్నాను. ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు మానుకోవచ్చని, మానుకున్నా నా వైద్యానికి లోటు రాదని చెప్పారు." చదువు రానివారి పక్కన మీకు సంబంధం లేని సాక్షి మొదటి నుంచి చివరిదాకా ఉండాలి. ఆ సాక్షి తెలుగు తెలిసినవాడై ఉండాలని కూడా ఫారంలోనే రాయండి.