ఇంప్లీడ్ అంటే వేడుకోవడం కాదమ్మా

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. పొలం పంపకాల దావాలో తమ్ముళ్లు పెద్దక్క ఊసే ఎత్తకపోవడం, సంగతి తెలిసి ఆవిడ తెల్లవారుజామున బస్సెక్కి కోర్టుకు రావడం చాలా బాగా రాశావు. కానీ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "అక్క కోర్టులో ఇంప్లీడ్ చేసింది, తన వాటా ఇప్పించమని వేడుకుంది" అన్నావు. ఈ ఉత్తరం ఆ ఒక్క మాట కోసమే.

ఆ మాటలో ప్లీడ్ వినిపిస్తుంది కాబట్టి బతిమాలడమేమో అనిపిస్తుంది. పత్రికలో చేరిన కొత్తలో నేనూ ఇంప్లీడ్ పిటిషన్‌ని వేడుకోలుగా రాశాను. కోర్టు గుమస్తాగా చేసి రిటైరైన ఒక పాఠకుడు పోస్టుకార్డు రాసి దిద్దారు. ఆయన మేలు మరిచిపోలేను.

మనకు ఏనాటి నుంచో తెలిసిన ప్లీడరూ ఇదీ ఒకే కుదురు మాటలు. పాత ఇంగ్లండు చట్టంలో ఇంప్లీడ్ అంటే ఒకరి మీద దావా వేయడం. మన కోర్టుల్లో మాత్రం, నడుస్తున్న కేసులోకి ఇంకొకరిని వాదిగానో ప్రతివాదిగానో చేర్చడం. సివిల్ దావాలు ఎలా నడవాలో చెప్పే 1908 నాటి చట్టం, సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 1, రూల్ 10 కోర్టుకు ఆ అధికారం ఇచ్చింది. కాబట్టి అక్క ఇంప్లీడ్ చేయదు. ఇంప్లీడ్ పిటిషన్ వేస్తుంది. చేర్చేది కోర్టు.

ఈ మాటకు ఎంత బలం ఉందో హైదరాబాద్ కేసు ఒకటి చెబుతుంది. నిజాం రెండో కొడుకు మొజ్జం జా తన భర్త అని ప్రకటించాలంటూ రజియా బేగం సిటీ సివిల్ కోర్టులో దావా వేసింది. ఆయన వెంటనే ఒప్పేసుకున్నాడు. ఇక తగాదా ఏముంది? అప్పుడు ఆయన భార్య అన్వర్ బేగం, ఆమె మైనర్ కొడుకు మమ్మల్నీ చేర్చండి అంటూ వచ్చారు. కోర్టు చేర్చింది. ఆ ఉత్తర్వును 1958లో సుప్రీంకోర్టు కూడా నిలబెట్టింది. ఆస్తి తగాదాల్లో అయితే నేరుగా హక్కు ఉన్నవాళ్లనే చేర్చాలి గానీ, భార్య అవునా కాదా అన్నట్టు ఒకరి హోదా తేల్చే దావాల్లో ఆ పట్టు కాస్త సడలించవచ్చు అంది. వాదీ ప్రతివాదీ ఒక్క మాట మీదున్నా, బయట ఉండిపోయినవాళ్ల గతి ఏమిటని కోర్టు ఆలోచించింది చూశావా!

నీ కథలో అక్క స్థానం ఇంకా గట్టిది. పంపకాల దావాలో వాటాదారులందరూ ఉండి తీరాలి. ఆమె లేకుండా ఆ దావా సరిగ్గా తేలదు. అంటే ఆవిడ దేవిరించడానికి రాలేదు, తను లేనిదే జరగకూడని పనికి వచ్చింది. ఇది తెలిస్తే ఆవిడ నడక, గొంతు, తమ్ముళ్ల చూపు అన్నీ మారతాయి. ఇంకోచోట "కేసులో ఇరికించారు" అని రాశావు, అదీ తీసెయ్. "ప్రతివాదిగా చేర్చారు" అంటే చాలు. తమ్ముడి నోట అయితే "ఇరికించారు" ఉండనివ్వు, అతనలాగే అంటాడు.

పిటిషన్ ఒప్పుకున్నాక దావా కాగితాన్ని సవరిస్తారు. ఇద్దరు ప్రతివాదుల పేర్ల కింద, ఎర్ర సిరాతో, మూడో ప్రతివాదిగా అక్క పేరు ఎక్కుతుంది. ఆ గీత పడుతున్నప్పుడు ఆవిడ ఎటు చూస్తోందో రాసి పంపు, చదవాలని ఉంది.