పాప పెరోవ్‌స్కైట్ మీద రీసెర్చ్ అంటా ఉంది, పంపాలా వద్దా?

చిత్తూరు నుంచి ఒక అన్న అడిగినారు, పాప బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనల్ ఇయర్ అంట, నీళ్ళ నుంచి హైడ్రోజన్ తీయడానికి సాయపడే పెరోవ్‌స్కైట్ ఆక్సైడ్ల (ఒక రకం స్ఫటిక అమరిక ఉన్న పదార్థాల) మీద పని చేస్తానంటోంది, ఇంట్లో వాళ్ళేమో బీఈడీ చేయించి టీచర్ చేద్దామని, దీనికి ఉద్యోగం ఉంటుందా అని.

అన్నా, ముందు పాప ఏం అడుగుతోందో చెప్తా. నీళ్ళలోకి కరెంటు పంపితే ఒకపక్క హైడ్రోజన్, ఇంకోపక్క ఆక్సిజన్ వస్తాయి, లెక్క ప్రకారం 1.23 వోల్టులు చాలు, కానీ ఆక్సిజన్ వచ్చే పక్క రియాక్షన్ చాలా నిదానం, దాన్ని కదిలించడానికి ఎక్కువ వోల్టేజీ పెట్టాల్సొస్తుంది, అక్కడే కరెంటు దండగ. ఆ రియాక్షన్‌ని బాగా కదిలించే ఇరిడియం అనే లోహం దొరికేదే కొంచెం. పెరోవ్‌స్కైట్‌లో అయితే ఆ అమరికలో ఒక చోట లాంథనమో స్ట్రాన్షియమో, ఇంకో చోట కోబాల్టో నికెలో ఇనుమో మార్చి మార్చి పెట్టి చూడొచ్చు. 2011లో బేరియం, స్ట్రాన్షియం, కోబాల్ట్, ఇనుము కలిపిన ఆక్సైడ్ ఒకటి క్షార ద్రావణంలో ఆ పనిలో ఇరిడియం ఆక్సైడ్‌ని దాటింది, కానీ వాడేకొద్దీ దాని పైపొర చెదిరిపోతుందని తర్వాత తేలింది. అంటే చెయ్యాల్సిన పని ఇంకా శానా ఉంది. సోలార్ ప్యానెళ్ళ పెరోవ్‌స్కైట్ వేరే రకం, గైడ్‌ని వెతికేటప్పుడు రెండూ కలిపేసుకోవద్దని పాపకి చెప్పండి.

ఉద్యోగం సంగతి. పెరోవ్‌స్కైట్ వచ్చినవాళ్ళు కావలెను అని పేపర్లో ప్రకటన రాదన్నా, ఆ మాట దాచను. కానీ ఆ ల్యాబ్‌లో పాప నేర్చుకునే ఎలక్ట్రోకెమిస్ట్రీ, పౌడర్ తయారుచేసి ఫర్నేస్‌లో కాల్చడం, ఎక్స్‌రేతో పదార్థం లోపలి అమరిక చూపించే ఎక్స్‌ఆర్‌డీ చదవడం, ఇవి బ్యాటరీ కంపెనీలకీ కావాలి, మన కరకంబాడిలో అమరరాజా ఉంది కదా. కేంద్రం 2023లో గ్రీన్ హైడ్రోజన్ (సోలార్, గాలి కరెంటు లాంటి వాటితో నీళ్ళ నుంచి తీసే హైడ్రోజన్) మిషన్‌కి 19,744 కోట్లు ఒప్పుకుంది, విశాఖ దగ్గర పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన కూడా అయింది.

నా మాట, ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీటు కోసం పెట్టే జామ్ పరీక్ష రాయించండి, ఐఐటీ తిరుపతి ఏర్పేడు దగ్గరే, రాకపోతే మన రాష్ట్రం పీజీ ఎంట్రన్స్ పీజీసెట్‌తో ఎస్వీ యూనివర్సిటీ. ఎమ్మెస్సీలో ఉండంగానే ఒక రెండు నెలలు ల్యాబ్ ప్రాజెక్ట్ చేయనీయండి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే రీడింగ్ మళ్ళీ మళ్ళీ తీయడం తనకి పడుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది. పడితే సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష రాయాలి, అందులో జేఆర్‌ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే నెలకి 37,000, ఇంట్లో అడగాల్సిన పని లేదు. పడకపోతే బీఈడీ అప్పుడు చేసినా ఏం పోదు, ఎమ్మెస్సీ చేతిలో ఉంటుంది. ఇప్పుడే మాత్రం ఆపొద్దన్నా, జామ్ అప్లికేషన్ డేట్ ఎప్పుడో ఈ రాత్రే పాపని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.