స్టెంట్ వేసి మూడేళ్లయింది, ఆస్పిరిన్ ఆపవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. మూడేళ్ల క్రితం గుండెపోటు వస్తే స్టెంట్ వేసి, రోజూ 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వేసుకోమన్నారు. కడుపులో మంటగా ఉందని అప్పుడప్పుడూ మానేసేవారు. ఇప్పుడు పన్ను తీయించుకోవాలని పది రోజులుగా పూర్తిగా ఆపేశారు. గుండె జబ్బేమీ లేని 72 ఏళ్ల పక్కింటాయన మాత్రం ముందుజాగ్రత్తగా రోజూ వేసుకుంటున్నారు. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ నాన్నగారి మాత్ర విషయమై ఈరోజే ఆయన హృద్రోగ నిపుణుడితో మాట్లాడండి. బీపీ మాత్ర పనిచేస్తోందో లేదో ఇంట్లోనే కొలిచి చూసుకోవచ్చు గానీ ఆస్పిరిన్‌కు అలాంటి కొలత లేదు కనుక, మానేసినా తేడా ఏమీ తెలియదు. రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకుని గడ్డకట్టకుండా ఈ మాత్ర అడ్డుకుంటుంది. ఒకసారి దాని ప్రభావానికి లోనైన ప్లేట్‌లెట్ బతికినన్నాళ్లూ అలాగే ఉంటుంది. అయితే ప్లేట్‌లెట్ ఆయుష్షు 7 నుంచి 10 రోజులే. అంటే పది రోజులు ఆపేసరికి మీ నాన్నగారి రక్తంలో ఉన్నవన్నీ దాదాపుగా మందు తగలని కొత్త ప్లేట్‌లెట్లే. స్వీడన్‌లో ఆరు లక్షల మందికి పైగా ఆస్పిరిన్ వాడకందారులను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, మాత్ర ఆపినవారిలో గుండెపోటు, పక్షవాతం వంటివి 37 శాతం ఎక్కువగా కనిపించాయి.

పన్ను తీయడానికి సాధారణంగా ఆస్పిరిన్ ఆపనవసరం లేదు. గాజుగుడ్డతో కాసేపు అదిమిపట్టినా, అవసరమైతే ఒక కుట్టు వేసినా రక్తం ఆగుతుంది. దంతవైద్యుడికి ముందే చెబితే చాలు. తర్వాత నొప్పికని మందుల షాపులో ఐబుప్రొఫెన్ అడిగి తెచ్చుకోవద్దు. అది ఆస్పిరిన్‌ను ప్లేట్‌లెట్‌పై పనిచేయనీయదు, పైగా కడుపులో రక్తస్రావం ముప్పునూ పెంచుతుంది.

కడుపుమంటను తేలిగ్గా తీసుకోమని నేను చెప్పను. ఆయన బాధ నిజమైనదే. భోజనం తర్వాత వేసుకోవడం, పైపూత ఉన్న మాత్రను నమలకుండా మింగడం, డాక్టరు సలహాపై కడుపులో ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్ వంటి మందును జతచేయడం వల్ల చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. మలం తారులా నల్లగా వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పక్కింటాయన సంగతి వేరు. గుండె జబ్బు లేని 19 వేల మందికి పైగా వృద్ధులపై, ఎక్కువగా 70 దాటినవారిపై, ఆస్ట్రేలియా, అమెరికాలలో జరిగి 2018లో వెలువడిన పరీక్షలో ఆస్పిరిన్ గుండె జబ్బులను చెప్పుకోదగినంతగా తగ్గించలేదు, రక్తస్రావాలను మాత్రం పెంచింది. మాత్ర కొనసాగించాలో లేదో ఆయన తన డాక్టరునే అడగాలి.