మాట్లాడినవాళ్లు, నిర్ణయించినవాళ్లు

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ పరిశోధన రాతప్రతి ఆసాంతం చదివాను. మన తిరుపతి, చిత్తూరు పల్లెల్లో మీడియా, జనం భాగస్వామ్యం అన్న విషయం ఎంచుకున్నందుకు ముందుగా సంతోషం. మన ప్రాంతం గురించి రాసేవాళ్లు కొండ గురించి రాస్తారు, ఎన్నికల గురించి రాస్తారు. ఊళ్లో మామూలు మనిషి మాట ఎంత దూరం పోతుంది, ఎక్కడ ఆగిపోతుంది అని ఓపిగ్గా చూసేవాళ్లు తక్కువ.

చాలా కష్టపడి లెక్కలు తీశావు. రేడియో ఫోన్-ఇన్‌కు ఎంతమంది ఫోన్ చేశారు, లోకల్ యూట్యూబ్ చానళ్ల కింద ఎన్ని కామెంట్లు, పంచాయతీ వాట్సాప్ గ్రూపులో ఎన్ని మెసేజ్‌లు, అన్నిటికీ పట్టికలు వేశావు. చివర్లో ‘ప్రజల భాగస్వామ్యం గణనీయంగా పెరిగింది’ అని తేల్చేశావు. అక్కడే నాకు పేచీ. పెరిగింది మాట్లాడటం. నిర్ణయాల్లో వాళ్ల వాటా పెరిగిందా లేదా అన్నది నీ రాతలో ఎక్కడా లేదు.

ఈ తేడా గురించి పెద్దవాళ్లు చాలా ఏళ్ల కిందటే రాశారు. అమెరికాలో షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో ఒక వ్యాసంలో భాగస్వామ్యానికి ఎనిమిది మెట్ల నిచ్చెన గీసింది. కింది రెండు మెట్లలో జనాన్ని పిలిచి కూర్చోబెట్టి తలూపించుకోవడమే ఉంటుంది. మధ్య మెట్లలో సమాచారం ఇస్తారు, అభిప్రాయం అడుగుతారు, బుజ్జగిస్తారు, కానీ ఆ అభిప్రాయం పట్టించుకుని తీరాలన్న పూచీ ఉండదు. పై మూడు మెట్లకొస్తేనే అధికారం చేయి మారుతుంది. ఆ వ్యాసంలో ఫ్రాన్స్ విద్యార్థుల పోస్టరొకటి ఉంది. నేను పాల్గొంటాను, నువ్వు పాల్గొంటావు, అతను పాల్గొంటాడు, మనం పాల్గొంటాం, మీరు పాల్గొంటారు, లాభం వాళ్లకు. అంతే పోస్టరు. తర్వాత 2011లో బెల్జియం పరిశోధకుడు నికో కార్పెంటియర్ ఇదే సంగతిని మీడియాకు అన్వయించి, అందుబాటు వేరు, పరస్పర సంభాషణ వేరు, భాగస్వామ్యం వేరు అని విడదీశాడు. నిర్ణయం తీసుకునే అధికారంలో వాటా ఉంటేనే భాగస్వామ్యం అనమన్నాడు. నువ్వు ఇద్దరి పేర్లూ మొదటి అధ్యాయంలో రాశావు. రాసి అక్కడే వదిలేశావు. మూడో అధ్యాయంలో ఫోన్-ఇన్ కార్యక్రమం గురించి రాసేటప్పుడు వాళ్లు నీ పక్కన కూర్చుని ప్రశ్నలడగాలి. ఈ వారం విషయం ఎవరు ఎంచారు? ఏ కాల్ కలపాలో, ఏది కట్ చేయాలో ఎవరి చేతిలో ఉంది? ఫోన్ చేసిన రైతు కార్యక్రమాన్ని ఇలా మార్చండి అంటే మారుస్తారా?

మన జిల్లా సంగతే తీసుకో. జూన్ వచ్చిందంటే చిత్తూరు చుట్టూ గుజ్జు తీసే పల్ప్ ఫ్యాక్టరీల గేట్ల ముందు తోతాపురి మామిడి లోడుతో ట్రాక్టర్లు బారులు తీరతాయి. కాయ కోసేశాక ఆగదు, మెత్తబడిపోతుంది. టోకెన్ కోసం రైతు రాత్రంతా ట్రాక్టరు మీదే పడుకుంటాడు. అంతకుముందే ధర గురించి ఒక మీటింగు పెడతారు. అధికారులు, ఫ్యాక్టరీల యజమానులు, రైతు నాయకులు, ఒక పక్కన విలేకరులు. అలాంటి మీటింగుకు నువ్వు పోతే ఏం చూడాలో చెబుతాను. మాట్లాడినవాళ్ల పేర్లు ఎలాగూ రాసుకుంటావు. దానికంటే ముందు ఎజెండా కాగితం ఎవరు తయారు చేశారో కనుక్కో. కిలోకి ఇంత అన్న అంకె మొట్టమొదట ఎవరి నోట వచ్చిందో, ఆ అంకె హాల్లో పుట్టిందా, హాలుకు రాకముందే కాగితం మీద ఉందా చూడు. రైతు మాట్లాడుతున్నప్పుడు వేదిక మీదున్నవాళ్లు రాసుకుంటున్నారా, ఫోన్ చూసుకుంటున్నారా గమనించు. ప్రెస్‌నోట్ ఎప్పుడు టైపయిందో అడుగు. మర్నాడు పేపర్లో ఫొటో ఎవరిది, మాట ఎవరిది, అంకె ఎవరిది, మూడూ విడివిడిగా రాసుకో. ఫొటోలో రైతు ఉంటాడు. అంకె మాత్రం చాలాసార్లు ఇంకొకరిది.

2025 సీజన్‌లో కిలోకి ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలి, దాని మీద ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుంది, మొత్తం 12 అన్నారు. గేటు దగ్గర అంతకన్నా తక్కువ కడుతున్నారని రైతులు రోడ్డెక్కారు. 12 అన్నది వార్త అయింది, గేటు దగ్గర చేతికి వచ్చిన డబ్బు గొడవ అయింది. ఈ రెంటి మధ్య దూరమే నీ పరిశోధన. ఆ దూరాన్ని కొలవాలంటే కామెంట్లు లెక్కపెడితే చాలదు, ఫ్యాక్టరీవాళ్లు ఇచ్చిన బిల్లు చూడాలి.

నిర్ణయం జనం చేతికి వచ్చిన ఉదాహరణ కూడా తెలుగు నేల మీదే ఉంది, దాన్ని నీ రాతలో పెట్టు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు నడిపే ‘సంఘం రేడియో’ 2008 అక్టోబరు 15న మొదలైంది. దాని వెనక కథ చాలా పెద్దది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. స్వచ్ఛంద సంస్థలు కూడా రేడియో పెట్టుకోవచ్చని ప్రభుత్వం ఒప్పుకున్నది 2006లో. ఆ మధ్యకాలంలో ఆ ఆడవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లు ఊళ్లకు మోసుకుపోయి మహిళా సంఘాల్లో వినిపించారు. విత్తనాల గురించి, పంటల గురించి, పాటల గురించి ఏం చెప్పాలో వాళ్లే ఎంచారు, మిషన్లూ వాళ్లే నడిపారు. నిచ్చెన పై మెట్లంటే ఏమిటో తెలియాలంటే వాళ్లను చూడాలి. అయినా అక్కడ కూడా ఒక గోడ ఉంది. ఇలా జనం కోసం నడిపే కమ్యూనిటీ రేడియోలు వార్తలు, వర్తమాన వ్యవహారాలు, రాజకీయ విషయాలు ప్రసారం చేయకూడదని 2006 నిబంధనల్లో రాశారు. ఊరి రేడియోలో ఊరి పంచాయతీ గొడవ మాట్లాడకూడదు! ఈ మాట రాసేటప్పుడల్లా నాకు కోపం వస్తుంది, రానీ. నువ్వు కూడా ఇలాంటి చోట కోపాన్ని దాచుకోకు, కాకపోతే దాని కింద నిబంధన ఏమిటో సరిగ్గా రాయి.

పత్రికల గురించి నువ్వు రాసిన పేజీలు పలచగా ఉన్నాయి. ఈనాడు 1982లో తిరుపతికి వచ్చింది. జిల్లా పేజీలు వచ్చాక ఊరి పేరు అచ్చులో చూసుకునే అవకాశం జనానికి దొరికింది. పక్కన నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం మన జిల్లాకూ పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. పత్రికలు దానికి బలం ఇచ్చాయి, నిజమే. కానీ సారా దుకాణం ముందు కొంగు బిగించి నిలబడింది ఆడవాళ్లు. అక్షరాస్యత కేంద్రాల్లో చదువుకుంటూ తమ ఇంటి బతుకు గురించి కలిసి మాట్లాడుకున్నదీ వాళ్లే. పేపర్లు తర్వాత వచ్చాయి. ఈ వరుస తారుమారైతే ఉద్యమం పత్రికల ఖాతాలో పడిపోతుంది.

మండల విలేకరులతో మాట్లాడు, ఇది తప్పకుండా చెయ్యి. చాలామందికి జీతం ఉండదు, లైన్ అకౌంట్ ఉంటుంది, అంటే అచ్చయిన వార్త కొలతను బట్టి డబ్బు. పండక్కి, నాయకుడి పుట్టినరోజుకి యాడ్స్ తేవాలన్న టార్గెట్ నెత్తిమీద ఉంటుంది. ఎవరి దగ్గర యాడ్ అడగాలో వాళ్ల మీదే వార్త రాయాల్సి వస్తే ఆ మనిషి ఏం చేస్తాడు? అధికారం మీడియాలోకి దూరే దారుల్లో ఇదొకటి, చాలా పాత దారి. వాళ్లను దోషుల్లా ప్రశ్నించకు. టీ తాగుతూ వాళ్ల నెల ఖర్చు అడుగు, మిగతాది వాళ్లే చెబుతారు. పేర్లు మాత్రం రాయకు.

వాట్సాప్ గ్రూపుల దగ్గర నువ్వు మెసేజ్‌లు లెక్కపెట్టావు కదా. అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా మార్చుకునే వీలు 2018లో వచ్చింది. నువ్వు చూసిన పంచాయతీ గ్రూపుల్లో ఆ మార్పు ఎప్పుడు చేశారో వెనక్కి వెళ్లి చూడు. దానికి ముందు వచ్చిన చివరి మెసేజ్ ఏమిటి? నీళ్ల ట్యాంకర్ బిల్లు గురించి ఎవరైనా అడిగారా? వీధి లైట్ల గురించా? ఆ ఒక్క స్క్రీన్ నీ పట్టికలన్నిటికంటే ఎక్కువ చెబుతుంది.

గ్రామసభకు పోయినప్పుడు సభ ఎక్కడ పెట్టారో రాయి. గుడి ముందరా, బడిలోనా, సచివాలయంలోనా? దళితవాడ నుంచి అక్కడికి ఎంత దూరం, అక్కడికి వచ్చి కుర్చీలో కూర్చునే అలవాటు ఎవరికి ఉంది, ఎవరికి లేదు? సర్పంచి ఆడమనిషి అయితే మైకు ఆమె చేతికి వచ్చిందా, పక్కనున్న భర్త చేతికి పోయిందా? మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లవి. సీటు వచ్చాక మాట వచ్చిందా అని ఊరూరా తిరిగి అడగాలి. ఉపాధి హామీ సామాజిక తనిఖీ కూడా ఒకటి చూడు. అక్కడ మస్టర్ కాగితాలు, అంటే కూలీల హాజరు పట్టీలు, ఇంటింటికీ తీసుకుపోయి, నీకు ఇన్ని రోజుల కూలి వచ్చినట్టు రాశారు, వచ్చిందా అని అడుగుతారు. కాగితం జనం ముందుకు వచ్చినప్పుడు మాట తీరే మారిపోతుంది. అడుక్కునే గొంతు పోయి నిలదీసే గొంతు వస్తుంది. నేను విన్నాను, నువ్వు కూడా వినాలి.

ఇక రాత సంగతి. ‘నిధులు మళ్లించబడ్డాయి’, ‘సభ వాయిదా పడింది’, ‘ప్రతిపాదన తిరస్కరణకు గురైంది’ అని నీ ప్రతిలో పేజీ పేజీకీ ఉన్నాయి. చేసిన మనిషి కనపడకుండా పోతున్నాడు. అధికారం గురించి రాసే పుస్తకంలో అధికారం చూపించినవాళ్లే వాక్యంలోంచి తప్పుకుంటే ఎలా? ఎవరు మళ్లించారు? ఎవరు వాయిదా వేశారు? తెలిస్తే హోదా రాయి, తెలియకపోతే కనుక్కుని రాయి. ‘సాధికారత’, ‘సమ్మిళిత’ లాంటి మాటలు వచ్చిన చోటల్లా ఆగి, ఆ ఊళ్లో జరిగిన ఒక పని రాసి చూడు.

నీ చేతిలో రికార్డర్ ఉంది, అది కూడా అధికారమే. ఎవరి మాట ఉంచాలి, ఎవరిది తీసేయాలి అన్నది నువ్వే తేలుస్తున్నావు. అందుకే రాసిన భాగం తీసుకెళ్లి, చెప్పినవాళ్లకు చదివి వినిపించు. ‘నేను అన్నది అది కాదమ్మా’ అంటే దిద్దు. టైమ్ పడుతుంది, గైడ్ తొందరపెడతారు, టెన్షన్ పడకు. నేను వాళ్లతో మాట్లాడతాను.

మామిడి సీజన్ అయిపోయేలోగా ఏదైనా ఒక్క నిర్ణయం తీసుకుని, అది ఎక్కడ పుట్టిందో అక్కడి నుంచి గేటు దగ్గర బిల్లు దాకా వెంటబడి రాసి పంపు. మిగతా అధ్యాయాలు పక్కన పెట్టు. ఇరవై పేజీలైనా పర్వాలేదు, చేత్తో రాసినా పర్వాలేదు. అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మేలు కోరే
మీ మేష్టారు