ఎమ్మెస్సీలో పీడీఈ ప్రాజెక్టా, ఏఐ కోర్సా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ మ్యాథ్స్ ఫైనలియర్. పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్లతో (పీడీఈ) ఫొటోల్లో నాయిస్ (చుక్కల్లాంటి మచ్చలు) తీసే ప్రాజెక్టు చేస్తానంటోంది. అది మాని ఆరు నెలల ఏఐ కోర్సులో చేరమంటున్నాను. ఏది మేలో పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: చదువయ్యాక అమ్మాయి ఖాళీగా ఉండిపోతుందేమోనన్నది మీ అసలు భయం. ఈ ప్రాజెక్టు వల్ల ఆ పరిస్థితి రాదు, సరిగ్గా చేస్తే.

సరిగ్గా అంటే ఏమిటో చెబుతాను. మొదట హీట్ ఈక్వేషన్‌ను (వేడి ఎలా పరచుకుంటుందో చెప్పే పీడీఈ; బొమ్మ మీద పక్క పిక్సెళ్ల తేడాల్ని నునుపు చేస్తుంది) తనే కోడ్ రాసి బొమ్మ మీద నడపాలి. సులువైన ఎక్స్‌ప్లిసిట్ పద్ధతిలో, పిక్సెల్ దూరం 1 అనుకుంటే టైమ్ స్టెప్ (లెక్కలో ఒక్కసారికి ముందుకు వేసే అడుగు) 0.25 దాటకూడదు. 0.3 పెట్టి చూడమనండి: చదరంగం గళ్లలాంటి మచ్చ ఒక్కో స్టెప్పుకి 1.4 రెట్లు పెరిగి, పది స్టెప్పుల్లో సుమారు 29 రెట్లవుతుంది, బొమ్మ నాశనం. ఎందుకో కాగితం మీద రాసి చూపగలిగితే ఇంటర్వ్యూలో సగం పని అయినట్టే. హీట్ ఈక్వేషన్ నాయిస్‌తో పాటు అంచుల్నీ చెరిపేస్తుంది. అందుకే 1990లో పెరోనా, మాలిక్ అనే పరిశోధకులు అంచు దగ్గర వ్యాపనం (ఆ నునుపు చేయడం) తగ్గే పద్ధతి తెచ్చారు. అందులోనూ చిక్కుంది. గ్రేడియంట్ (పక్క పిక్సెళ్ల మధ్య వెలుగు తేడా) ఒక హద్దు దాటితే ఈక్వేషన్ వెనక్కి నడిచినట్టయి తేడాల్ని తగ్గించే బదులు పెంచుతుంది, నున్నటి చోట మెట్లు పడతాయి. గ్రేడియంట్ లెక్కకట్టే ముందు బొమ్మను కాస్త గాసియన్ ఫిల్టర్‌తో (చుట్టుపక్కల పిక్సెళ్ల సగటు తీసేది) నునుపు చేస్తే ఆ సమస్య చాలావరకు అదుపులోకి వస్తుంది. 1992లో వచ్చిన టోటల్ వేరియేషన్ పద్ధతినీ (అంచుల్ని నిలుపుతూ బొమ్మలోని మొత్తం ఎగుడుదిగుళ్లను తగ్గించేది) వీటి పక్కనే ఉంచి పోల్చాలి.

ఇక మీ ఏఐ కోర్సు. ఆరు నెలల్లో రెడీమేడ్ కోడ్ లైబ్రరీలు వాడడం నేర్పుతారు, మోడల్ ఎందుకు తప్పిందో కనిపెట్టడం నేర్పరు. ఆ సర్టిఫికెట్ పట్టుకుని వచ్చేవాళ్లు ఇప్పటికే లెక్కలేనంత మంది. దాని మీద నాకు నమ్మకం లేదు. అలాగని డీప్ లెర్నింగే వద్దనను. నాయిస్ తీయడంలో ఈ పాత పద్ధతుల్ని డీప్ లెర్నింగ్‌లో వాడే న్యూరల్ నెట్‌వర్కులు (ఉదాహరణలు చూసి నేర్చుకునే మోడళ్లు) మామూలుగా దాటేస్తాయి. ఆ సంగతి మీ అమ్మాయి తన రిపోర్టులోనే నిజాయితీగా రాయాలి.

ఒక మాట కటువుగా అంటాను. ఐదేళ్లు గణితం చదివిన పిల్ల తనంతట తాను ఒక కష్టమైన విషయం ఎంచుకుంటే, అదేమిటని కూడా అడగకుండా ఇంకో కోర్సులో చేరమనడం పెంపకం కాదు. ముందు తన మాట వినండి.

తను చేయాల్సింది: పైథాన్, అందులోని లెక్కల లైబ్రరీ నమ్‌పై బాగా నేర్చుకోవాలి. ఒకే నాయిస్ బొమ్మల మీద మూడు పీడీఈ పద్ధతుల్నీ, ముందే శిక్షణ పూర్తయి రెడీగా దొరికే ఒక న్యూరల్ నెట్‌వర్కునూ నడిపి, పీఎస్ఎన్ఆర్ (ఫలితం అసలు శుభ్రమైన బొమ్మకి ఎంత దగ్గరగా ఉందో చెప్పే కొలత) పట్టిక వేయాలి. కోడంతా గిట్‌హబ్‌లో (కోడ్ దాచి అందరికీ చూపే వెబ్‌సైట్) పెట్టాలి. కోర్సుకి దాచిన డబ్బుంటే, పాత ల్యాప్‌టాప్‌కి ర్యామ్ వేయించండి.