ఆవు కంటి ఒత్తిడి: మూడుసార్లు చూస్తే మూడు అంకెలు ఎందుకు వస్తున్నాయి?

ఆనందపురం దగ్గర డెయిరీలో సంకరజాతి ఆవుకి కుడి కన్ను ఉబ్బి, నల్లగుడ్డు మీద నీలిపొర కమ్మిందనీ, పాత టోనోవెట్‌తో (కంటి ఒత్తిడి కొలిచే చేతి పరికరం) చూస్తే 41, 29, 34 మి.మీ. పాదరసం వచ్చాయనీ, ఏది నమ్మాలనీ అడిగారు. ఏదీ నమ్మకండి. ముందు ఆవుని ఎలా పట్టుకున్నారో చూసుకోండి.

మనవాళ్లు ఆవు కదలకూడదని పలుపు బిగించి, ముకుతాడు పట్టుకుని తల కిందికి లాగుతారు. మెడ సిర నొక్కుకుపోతే తలలోంచి రక్తం దిగదు, కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. తల గుండె కన్నా కిందికి వంగినా అంతే. ట్రెవిస్‌లో (పశువుని కదలకుండా నిలబెట్టే చట్రం) నిలబెట్టి పలుపు వదులు చేయండి, ఒకరు దవడ కింద చెయ్యేసి తల ఎత్తి పట్టుకుంటే చాలు. తల పక్కకి మెలితిప్పితే కనుగుడ్డు తిరిగిపోయి ప్రోబ్ (పరికరంలో కంటిని తాకే సన్నని పుల్ల) తెల్లగుడ్డుకి తగులుతుంది.

తర్వాత రెప్ప. ఆవు రెప్పకి బలం ఎక్కువ, గట్టిగా మూస్తే అదే అంకె పెంచేస్తుంది. చెవి మొదలుకి ముందు, చెంప ఎముక పైఅంచు దగ్గర చర్మం కింద 2 శాతం లిగ్నోకైన్ (మొద్దుబార్చే మందు) 5 మి.లీ. ఇచ్చి పది నిమిషాలు ఆగండి. రెప్పని బిగించే బలం పోతుంది, స్పర్శ మాత్రం పోదు. రెప్పలు తెరిచే వేళ్లు కంటి చుట్టూ ఉన్న ఎముక మీదే ఆనాలి, గుడ్డు మీద కాదు. ఈ తప్పు అనుభవం ఉన్నవాళ్లూ చేస్తారు. మందు ప్రభావం పోయేదాకా ఆవు కన్ను మూయలేదు కాబట్టి దుమ్ము, ఎండ తగలనివ్వకండి.

టోనోవెట్‌కి మత్తు చుక్కలు అక్కర్లేదు. కంటికి ఆనించి కొలిచే మరో పరికరం టోనోపెన్‌కైతే ప్రొపారకైన్ 0.5 శాతం మత్తు చుక్కలు తప్పవు. టోనోవెట్ ప్రోబ్ నేలకి సమాంతరంగా, నల్లగుడ్డు నడిమికి ఎదురుగా, 4 నుంచి 8 మి.మీ. దూరంలో ఉండాలి. ఆరు దెబ్బలకి సగటు చూపిస్తుంది. తెర మీద 'పి' పక్కన గీత పైన కనిపిస్తే ఆ అంకె వదిలేసి మళ్లీ తీయండి. ప్రోబ్ కదలిక నత్తనడకగా ఉంటే దాని గూడులో కన్నీరు, దుమ్ము చేరినట్టే, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి ఆరనివ్వండి.

అంకె ఎంతుండాలి? మనుషులకి చెప్పే 21 పరిమితి ఇక్కడ పనికిరాదు. టోనోపెన్ తరహా పరికరాలతో ఆరోగ్యమైన ఆవుల్లో సగటు 27 మి.మీ. పాదరసం దగ్గర, 16 నుంచి 36 మధ్య వస్తుంది. పాత టోనోవెట్‌లో కుక్క, పిల్లికి ఒకటి, గుర్రానికి ఒకటి, మిగతావాటికి ఒకటి తప్ప ఆవుకని వేరే సెట్టింగ్ లేదు. అందుకే ఎడమ కన్నూ అదే సెట్టింగ్‌లో, అదే భంగిమలో తీసి పోల్చండి. నేనైతే విడి అంకె కన్నా రెండు కళ్ల తేడానే పట్టించుకుంటాను. గ్జైలజీన్ (పశువుకి ఇచ్చే మత్తుమందు) ఇచ్చి కొలవకండి. మందు ఒత్తిడిని తగ్గిస్తుంది, వాలిన తల పెంచుతుంది, ఏది ఎంతో తేల్చలేం.

మీ ఆవు విషయంలో కన్ను 'ఉబ్బింది' అన్నారు. నల్లగుడ్డు అడ్డకొలత స్కేలుతో రెండు వైపులా చూడండి. కుడిదే పెద్దదైతే గుడ్డే సాగింది, గ్లాకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) అనుమానించాలి. పింక్ ఐ (పశువులకి అంటుకునే కంటి జబ్బు) పుండు మానాక కనుపాప పొర నల్లగుడ్డుకి అతుక్కుని ఇలా రావచ్చు. కొలత సమానంగా ఉండి కన్ను ముందుకి తోసుకొస్తే వెనక గడ్డ ఉందేమో చూడాలి, అక్కడ టోనోవెట్ తేల్చదు. పింక్ ఐ కదా అని అలవాటుగా అట్రోపిన్ (కనుపాపని పెద్దది చేసే చుక్కలు) వేసేయకండి. ఒత్తిడి ఎక్కువున్న కంటికి అది చేటు. కొలిచాకే చుక్కలు.